క్షౌరశాల నుంచి రాజమందిరానికి – శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగితే ముందు సంకోచించాను. నేను డ్రెస్సరుగా ఉద్యోగంలో చేరి, కంటి ఆపరేషన్ థియేటర్లో సహాయకుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. సర్జన్ గారి చేతికి పనిముట్టు అందించడమే గాని కలం పట్టిన అలవాటు తక్కువ. అయితే సర్వీసులో ఉండగా విన్న ఒక మహనీయుని జీవిత కథ చాలాకాలంగా నా మనసులో ఉండిపోయింది. ఆయన కూడా పుండ్లు కడిగి కట్లు కట్టే పనితోనే జీవితం ప్రారంభించాడు. ఆ కథను మీ అందరితో పంచుకుందామని ఈ సాహసం చేస్తున్నాను.

ఆ కథ నాకు ఎలా తెలిసిందో ముందు మనవి చేస్తాను. ఒకనాడు మా ఆసుపత్రికి ఒక పల్లెటూరి యువకుణ్ణి తీసుకొచ్చారు. పత్తి చేలో తూలి పడినప్పుడు ఎండిన కట్టె పుల్ల ఒకటి కంటి పక్కన గుచ్చుకుంది. పక్కనున్నవాళ్ళు వెంటనే దాన్ని పీకి పారేశారు. పైకి కనిపించిన గాయం రెప్ప మీద చిన్న గాటు మాత్రమే. అది నాలుగు రోజుల్లో మానిపోయింది కూడా. పది రోజులు గడిచేసరికి కన్ను వాచి, చీము పట్టి, కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చింది. పుల్ల మొత్తం వచ్చేసిందని ఇంటివారు గట్టిగా చెప్పారు. సర్జన్ గారు తెరిచి చూస్తే కనుగుంట లోపల చిటికెనవేలి కణుపంత ముక్క మిగిలి ఉంది. దాన్ని తీసివేశాక ఆ కుర్రవాడికి గండం గడిచింది.

ఆ సాయంత్రం మేము పనిముట్లు శుభ్రం చేస్తుండగా సర్జన్ గారు వచ్చి కూర్చున్నారు. ఇటువంటి పుల్లే ఒకప్పుడు ఒక మహారాజు ప్రాణం తీసిందని, ఆ రాజు మంచం పక్కన నిలబడిన శస్త్రవైద్యులలో ఒకడు క్షౌరవృత్తి నుంచి వచ్చినవాడని చెప్పారు. ఆయన పేరు ఆంబ్రోజ్ పారే. ఫ్రాన్సు దేశస్థుడు. రిటైరయిన తరువాత ఆయన వ్రాసిన యుద్ధయాత్రల పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం సంపాదించి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఇక్కడ వ్రాసేది ఆ చదువు ఫలితమే.

మూడు మెట్లలో చివరి మెట్టు

పారే సుమారు 1510లో ఫ్రాన్సు వాయవ్య భాగంలో లవాల్ పట్టణం దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. ఆ కాలంలో ఆ దేశంలో వైద్యం చేసేవారు మూడు తరగతులు. అందరికంటే పైన విశ్వవిద్యాలయంలో లాటిన్ చదివిన వైద్యులు. వారు నాడి చూసి మందు చెబుతారు గాని కత్తి ముట్టరు, నెత్తురు తాకరు. వారి కింద పొడుగు అంగీలు ధరించే శస్త్రవైద్యుల సంఘం. అందరికీ కింద క్షౌరవృత్తివారు. గడ్డం గీయడంతో పాటు కురుపులు కోయడం, నెత్తురు తీయడం, గాయాలకు కట్లు కట్టడం వీరి పని. మన పల్లెల్లోనూ ఒకప్పుడు కురుపులు కోసింది నాయీ బ్రాహ్మణులే. ఆ ఇళ్ళ స్త్రీలే మంత్రసానులై పురుళ్ళు పోసేవారు. చేతితో వైద్యం చేసినవారికి అక్కడా ఇక్కడా దక్కిన మర్యాద ఒక్కటే.

పారే ఆ చివరి మెట్టు మీద అడుగుపెట్టాడు. లాటిన్ రాదు. పెద్ద చదువు లేదు. 1530ల ఆరంభంలో పారిస్ చేరి, అక్కడి పెద్ద ధర్మాసుపత్రి ఒతెల్ ద్యూలో మూడు నాలుగేళ్ళు పనిచేశాడు. ఒక్కొక్క మంచం మీద ఇద్దరు ముగ్గురు రోగులు పడుకునే చోటు అది. ఆయనకు నిజమైన విశ్వవిద్యాలయం ఆ వార్డులే. తరువాతి రోజుల్లో ఆయన దాన్ని దాచుకోలేదు సరికదా, గర్వంగానే చెప్పుకున్నాడు.

నూనె అయిపోయిన రాత్రి

1537లో ఆయన ఫ్రెంచి సైన్యంతో ఇటలీలోని ట్యూరిన్ ప్రాంతానికి వెళ్ళాడు. అదే ఆయన మొదటి యుద్ధం. తుపాకీ మందు విషమనీ, గుండు తగిలిన గాయంలో మరిగే నూనె పోసి ఆ విషాన్ని కాల్చివేయాలనీ అప్పటి గ్రంథాలు చెప్పేవి. పారే కూడా అలాగే మొదలుపెట్టాడు. క్షతగాత్రులు ఎక్కువై నూనె అయిపోయింది. గత్యంతరం లేక గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి మిగిలినవారి గాయాలకు పట్టించాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. నూనె పోయనివారంతా తెల్లారేసరికి చనిపోయి ఉంటారని భయం. పొద్దున్నే లేచి వెళ్ళి చూస్తే, వారే హాయిగా నిద్రపోయి లేచారు. నూనె పోసినవారు జ్వరంతో, వాపుతో, బాధతో మూలుగుతున్నారు. ఆనాటి నుంచి ఏ క్షతగాత్రుణ్ణీ నూనెతో కాల్చకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు.

గ్రంథంలో ఉన్నదానికంటే కంటితో చూసినదానికి విలువ ఇవ్వడం ఆయనకు అక్కడ అలవడింది. జీవితమంతా అదే దారిలో నడిచాడు.

1542లో పెర్పిన్యాన్ ముట్టడిలో బ్రిసాక్ అనే సేనాని భుజంలో గుండు దిగింది. వైద్యులు ఎంత వెతికినా అది దొరకలేదు. ఎక్స్‌రే కనిపెట్టడానికి ఇంకా 350 ఏళ్ళు ఉంది. పారే వచ్చి, గుండు తగిలిన క్షణంలో ఎలా నిలబడ్డారో అలాగే నిలబడమని సేనానిని కోరాడు. శరీరం ఆ భంగిమలోకి రాగానే గుండు పోయిన దారి అర్థమయింది. వేలితో తడిమి అది ఉన్న చోటు చూపాడు. గుండు బయటికి వచ్చింది. లోపల మిగిలిన వస్తువును వెతకడంలో నేటికీ మొదటి ప్రశ్న అదే: దెబ్బ ఏ వైపు నుంచి, ఏ భంగిమలో తగిలింది?

1545లో ఆయన తుపాకీ గాయాల చికిత్స మీద పుస్తకం ప్రచురించాడు. లాటిన్‌లో కాదు, ఫ్రెంచిలో. యుద్ధభూమిలో తనలాగే కట్లు కట్టేవారికి అది అర్థం కావాలన్నది ఆయన కోరిక. శరీరంలో దిగిన ఇనుప ముక్కలు, బాణపు మొనలు తీయడానికి ఆయన వాడిన పటకార్లకు కాకి ముక్కు, కొంగ ముక్కు, బాతు ముక్కు అని పేర్లు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మన సుశ్రుత సంహితలో శల్యం తీసే పనిముట్లకు కాకముఖం, కంకముఖం, సింహముఖం అనే పేర్లున్నాయి. కంకమంటే కొంగ జాతి పక్షి. శల్యమంటే శరీరంలో దిగిన పరాయి వస్తువు. శస్త్రవైద్యానికి శల్యతంత్రమని పేరు రావడానికి కారణం కూడా అదే. దూరంగా ఉన్న రెండు దేశాలవారు పక్షి ముక్కును చూసి ఒకే పాఠం నేర్చుకున్నారు.

మొదటి ఈటె

ఇక అసలు విషయానికి వస్తాను. పారే జీవితంలో కంటి దగ్గర దిగిన ఈటెలు రెండు. ఒకటి గెలుపు, ఒకటి ఓటమి.

మొదటిది 1545లో. బులోన్ పట్టణం అప్పుడు ఇంగ్లీషువారి చేతిలో ఉంది. దాని ముందు జరిగిన పోరులో ఫ్రాన్స్వా అనే యువ ప్రభువు, తరువాత గీజ్ డ్యూక్ అయినవాడు, ముఖం మీద ఈటె దెబ్బ తిన్నాడు. ఈటె కుడి కన్ను పైభాగాన దిగి, ముక్కు వైపు వాలుగా పోయి, అవతల చెవికీ మెడకూ మధ్య బయటికి పొడుచుకొచ్చింది. ఆ విసురుకు కర్ర విరిగి, ఇనుప మొన కొంత కర్రతో సహా ముఖంలోనే ఉండిపోయింది. మామూలు పనిముట్లకు అది కదలలేదు. చివరికి గుర్రాలకు నాడాలు కొట్టేవారి పటకారు తెప్పించి, బలమంతా ఉపయోగించి లాగవలసి వచ్చింది. మత్తుమందు లేని రోజులు. ఎముకలు విరిగాయి, రక్తనాళాలు తెగాయి. అయినా ఆ ప్రభువు బతికాడు. ముఖం మీద పెద్ద మచ్చ మిగిలి, మచ్చల మొగంవాడు అనే అర్థమిచ్చే మారుపేరు వచ్చింది. ఆయనే 1552లో మెట్జ్ నగరాన్ని కాపాడాడు, 1558లో ఇంగ్లీషువారి నుంచి కలే పట్టణాన్ని గెలిచాడు.

ఆ మొన లాగింది పారేయేనని లోకంలో ప్రసిద్ధి. కాని ఆయన పుస్తకంలో ఆ ఘట్టం చదివితే, నేనే లాగాను అని ఎక్కడా చెప్పుకోలేదు. గాయం ఎలా ఉన్నదీ, మొన ఎంత కష్టం మీద వచ్చిందీ వ్రాసి, దైవకృప వల్ల నయమయిందని ముగించాడు. తాను కట్టు కట్టడం వరకే, నయం చేసేది పైవాడన్న భావం ఆయన రచనల్లో మాటిమాటికీ కనిపిస్తుంది.

రెండవ ఈటె

1552లో పారే రెండవ హెన్రీ రాజు శస్త్రవైద్యులలో ఒకడయ్యాడు. ఆ ఏడాదే కాలు తీసివేసిన సైనికుడికి నెత్తురు ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టకుండా రక్తనాళాలను దారంతో ముడివేశాడు. 1554లో లాటిన్ రాకపోయినా పొడుగు అంగీల సంఘం ఆయనను చేర్చుకుంది.

1559 వేసవిలో పారిస్‌లో పెద్ద సంబరాలు జరిగాయి. స్పెయిన్‌తో దీర్ఘకాలపు యుద్ధం ముగిసింది. రాజు కుమార్తెకు స్పెయిన్ రాజుతో, చెల్లెలికి సవాయ్ డ్యూక్‌తో వివాహాలు. ఆ సందర్భంగా గుర్రాల మీద ఈటెల పోటీలు ఏర్పాటు చేశారు. జూన్ 30న నలభై ఏళ్ళ రాజు స్వయంగా బరిలో దిగాడు. తన అంగరక్షక దళాధిపతి మాంట్‌గోమెరీతో తలపడినప్పుడు ఎదుటి ఈటె విరిగి, చీలిన కర్ర రాజు శిరస్త్రాణపు ముసుగు కింద నుంచి లోపలికి దూసుకుపోయింది. పేళ్ళు కుడి కంటి దగ్గర గుచ్చుకున్నాయి. అక్కడే ఉన్న ఇంగ్లండు రాయబారి థ్రోక్‌మార్టన్ రాజు ముఖం నుంచి పెద్ద పేడు ఒకటి తీయడం కళ్ళారా చూసి, ఆ సంగతి తన దేశానికి వ్రాసి పంపాడు.

వైద్యులు చేరారు. పారే వారిలో ఒకడు. స్పెయిన్ రాజు బ్రసెల్స్ నుంచి తన వైద్యుడు వెసేలియస్‌ను పంపాడు. మానవ శరీర నిర్మాణాన్ని గురించి ఆ కాలంలో ఆయనను మించి తెలిసినవాడు లేడు. కనిపించిన పేళ్ళు తీశారు. లోపల ఇంకేమైనా ఉందా, ఎంత లోతుకు పోయింది అనేది అంతు చిక్కలేదు. శిరచ్ఛేదం పొందిన నలుగురు నేరస్థుల తలలు తెప్పించి, వాటి మీద అటువంటి దెబ్బ కొట్టి పరీక్షించారని ఆనాటి జ్ఞాపకాల గ్రంథమొకటి చెబుతుంది. అదీ ఉపయోగపడలేదు. జ్వరం పెరిగింది. పదకొండవ రోజున, జూలై 10న రాజు కన్నుమూశాడు.

శవపరీక్షలో పుర్రె ఎక్కడా పగలలేదు. కాని దెబ్బ తగిలిన చోటుకు ఎదురుగా, తల వెనుక భాగాన నెత్తురు చేరి, ఆ దగ్గర మెదడు చెడిపోయి ఉంది. ఎముక విరగకపోయినా ఎదుటి వైపు మెదడు దెబ్బతినవచ్చునని పారే గ్రహించాడు. 1561లో తల గాయాల మీద వెలువరించిన పుస్తకంలో రాజు కేసును చేర్చి, తాను చూసినది చూసినట్లు వ్రాశాడు. కంటి దగ్గర పేళ్ళ నుంచి సోకిన చీమే రాజు మరణానికి ముఖ్య కారణమై ఉంటుందని ఇటీవలి కాలంలో ఆ వివరాలు పరిశీలించిన వైద్యులు కొందరు అభిప్రాయపడ్డారు.

మీరు ఒక్కసారి ఆలోచించండి. ఏలినవారు మన చేతుల్లో ఉండగా పోయారు. అటువంటి కేసు గురించి మాట్లాడకుండా ఊరుకోవడమే క్షేమమని ఎవరైనా అనుకుంటారు. పారే అలా అనుకోలేదు. బులోన్ ముందు బతికిన ప్రభువును ఎంత వివరంగా వ్రాశాడో, పారిస్‌లో పోయిన రాజునూ అంత వివరంగా వ్రాశాడు. ఆసుపత్రిలో పనిచేసినవాణ్ణి గనుక చెబుతున్నాను, గెలిచిన కేసు అందరూ చెప్పుకుంటారు. ఓడిన కేసును కాగితం మీద పెట్టడానికి గుండె కావాలి. తరువాతివారికి ఉపయోగపడేది ఎక్కువగా అదే.

తరువాతి జీవితం

1561లో గుర్రం తన్ని పారే కాలు ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అటువంటి గాయానికి కాలు తీసివేయడమే ఆనాటి పరిపాటి. ఆయన మాత్రం గాయాన్ని శుభ్రం చేయించి, ఎముక సరిచేయించుకుని, ఓపికగా మంచం పట్టి కాలు దక్కించుకున్నాడు. రెండవ హెన్రీ తరువాత ఆయన కుమారులు ముగ్గురు వరుసగా రాజులయ్యారు. ఆ నలుగురికీ పారే సేవ చేశాడు. తొమ్మిదవ చార్లెస్ కాలంలో ప్రధాన శస్త్రవైద్యుడయ్యాడు.

అవయవాలు పోయినవారిని ఆయన మరచిపోలేదు. కృత్రిమ కాళ్ళు, చేతులు, ముక్కులు తయారు చేయించి బొమ్మలతో సహా పుస్తకంలో వేశాడు. కన్ను పోయినవారికి బంగారంతో లేక వెండితో కృత్రిమ కన్ను చేయించి, నిజమైన కంటిలా రంగులు వేయించి రెప్పల కింద అమర్చే విధానం చెప్పాడు. లోపల నిలవని వారికి తల చుట్టూ పట్టీతో పైనుంచి అమర్చే మరో రకం కూడా వివరించాడు. ప్రాణం దక్కితే చాలదు, నలుగురిలో తలెత్తుకు తిరగాలి అన్నది ఆయన ఆలోచన.

1575లో ఆయన రచనలన్నీ ఒకే సంపుటంగా వచ్చినప్పుడు పారిస్ వైద్య విద్యాపీఠం అభ్యంతరం చెప్పింది. లాటిన్ రాని శస్త్రవైద్యుడు వైద్య విషయాలు, అందునా వాడుక భాషలో వ్రాయడమేమిటని వారి ఆక్షేపణ. ఆయన వెనక్కి తగ్గలేదు. పదేళ్ళ తరువాత, 1585లో, తన యుద్ధయాత్రల కథనే వారికి సమాధానంగా వ్రాశాడు. కుర్చీలో కూర్చుని పుస్తకాలు తిరగేసినవారికీ, యుద్ధభూమిలో మోకాళ్ళ మీద కూర్చుని గాయాలు కట్టినవారికీ ఉన్న తేడా ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది.

1590లో పారిస్ నగరం ముట్టడిలో చిక్కి జనం ఆకలితో చనిపోతున్నప్పుడు, ఎనభై ఏళ్ళ ఆ వృద్ధుడు వీధిలో లియాన్ ఆర్చిబిషప్పును ఆపి, ప్రజల ఆకలి కేకలు వినిపించుకుని సంధి చేయించమని వేడుకున్నాడు. అదే సంవత్సరం డిసెంబరు 20న కన్నుమూశాడు. లవాల్ పట్టణంలో ఆయన విగ్రహం ఉంది.

మనం గ్రహించవలసింది

కనుగుంట ఏడు ఎముకలు కలిసి ఏర్పడిన చిన్న గూడు. దాని లోపలి గోడ కాగితమంత పలచన. పైకప్పుకు అవతల మెదడు. అందుకే అక్కడ దిగిన చిన్న పుల్ల కూడా పెద్ద ప్రమాదం. ఈనాడు స్కానింగు ఉంది, మత్తుమందు ఉంది, చీము పట్టకుండా మందులున్నాయి. అయినా వైద్యుని ముందున్న ప్రశ్న పారే నాటిదే: లోపల ఇంకేమైనా మిగిలిందా, దాన్ని తీయాలా, ఉంచాలా? నునుపైన గాజు, కొన్ని లోహపు ముక్కలు లోతుగా ఉండి ఇబ్బంది పెట్టకపోతే వదిలివేయడమే మేలని సర్జన్లు ఒక్కోసారి నిర్ణయిస్తారు. కర్ర ముక్క అలా కాదు. అది చీము పట్టిస్తుంది, పైగా స్కానింగులో కూడా ఒక్కోసారి గాలి బుడగలా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఏ వస్తువు గుచ్చుకుందో డాక్టరు గారికి తప్పక చెప్పాలి.

మన ఇళ్ళలో మనుమలు, మనుమరాళ్ళు చీపురు పుల్లలతో విల్లంబులు చేసుకుని ఆడుతుంటారు. చేతిలో పెన్సిలుతో పరుగెడుతుంటారు. పొలాల్లో, వర్కుషాపుల్లో పనిచేసే పిల్లలు మనకున్నారు. ఎవరికైనా కంటిలో గాని, కంటి పక్కన గాని ఏదైనా దిగితే దయచేసి పీకవద్దు, నలపవద్దు, ఆకు పసరు పోయవద్దు. వస్తువు బయటికి పొడుచుకుని ఉంటే అది కదలకుండా పైన కాగితపు కప్పు వంటిది బోర్లించి పట్టీ వేసి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎవరైనా ముందే పీకేసి ఉంటే ఆ ముక్కను కూడా వెంట తీసుకువెళ్ళండి. విరిగిందో లేదో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షను మరువవద్దు. గాయం పైకి మానిందని ఊరుకోవద్దు.

ఆ పత్తి చేను యువకుడు ఇంటికి వెళ్ళేరోజున సర్జన్ గారి కాళ్ళకు నమస్కరించబోతే ఆయన వారించి, మా వైపు చూపించి, వీళ్ళు కూడా ఉన్నారయ్యా అన్నట్లు నవ్వారు. కట్లు కట్టే చేతులకు కూడా చరిత్రలో ఒక పేజీ ఉన్నదని ఆ రోజు నాకు అనిపించింది. ఆ పేజీ వ్రాసిన ఆంబ్రోజ్ పారేకు నమస్కరిస్తూ, మీ అందరి చూపూ ఆరోగ్యమూ చల్లగా ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.